గుమ్మానికి ఇవతల

వరహాలు పెన్సిలు మొనని గరుకు కాగితం మీద తిప్పుతున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుండ్రంగా, తొందర లేకుండా. చెక్క చెక్కేయగా అంగుళన్నర పొడవున బయటికొచ్చిన సీసం చివర సూదిలా సన్నబడేవరకూ తిప్పుతూనే ఉంటాడు. తర్వాత ఆ మొనని ఎడమ అరచేతికి ఆనించి చూసుకుంటాడు. గుచ్చుకున్నట్టు తెలియాలి, గీత పడకూడదు. ఈ పెన్సిలు చెక్కుకోవడానికే అతనికి రోజూ పావుగంట పడుతుంది.

వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్ నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది రోషన్ ఫోటో స్టూడియో. ముందు గదిలో అద్దాల షోకేసు, కౌంటరు, వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల. మధ్య గదిలో మూడు కాళ్ళ పెద్ద కెమెరా, పూలతోట గీసిన తెర, మేకుకి ఒక నల్లకోటు, ఒక టై, గొలుసుతో గోడకి కట్టేసిన దువ్వెన. వెనక, ఉత్తరం కిటికీ ఉన్న ఇరుకు గది వరహాలుది. ఇరవై ఆరేళ్ళుగా అతను పక్క సందులోంచి వచ్చి, వెనక తలుపు తీసుకునే లోపలికి అడుగుపెడుతున్నాడు. ముందు గదిలో కూర్చుని ఫోటో తీయించుకుని వెళ్ళినవాళ్ళకి వెనక ఇంకొక మనిషి ఉన్నట్టు తెలియదు.

కిటికీ ముందు వాలుగా పెట్టిన చెక్క చట్రం, చట్రం మధ్యలో పాల అద్దం, దాని కింద వెలుతురుని పైకి కొట్టే మామూలు అద్దం. పాల అద్దం మీద నెగిటివు పెట్టి, తలమీదుగా నల్లగుడ్డ కప్పుకుంటే ఇక వెలుగుతున్న ఆ ముఖం ఒక్కటే కనిపిస్తుంది. నెగిటివులో అన్నీ తారుమారు. జుట్టు తెల్లగా, పళ్ళు నల్లగా ఉంటాయి. మొటిమ మచ్చ, కత్తిగాటు, కంటికింద గుంట, ఇలా ఫోటోలో నల్లగా పడేవన్నీ నెగిటివులో పలచని చుక్కలు. ఆ చుక్కని పెన్సిలుతో నింపితే ఫోటోలో అక్కడ చర్మం నున్నగా వస్తుంది. ఎక్కువ నింపితే బొల్లిమచ్చలా తేలుతుంది. వరహాలు ఎక్కువ నింపినట్టు ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అనలేదు.

ఆ రోజు చట్రం మీద ఉన్నది డిగ్రీ పూర్తిచేసిన ఒక అబ్బాయి ముఖం. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవడానికి తీయించుకున్నాడు. కనుబొమ్మ మీద పాత గాటు, చెంప మీద మొటిమలు. స్టూడియో కోటే వేసుకున్నాడు. భుజాలకి పెద్దదైతే రజాక్ సాయిబు వెనకనుంచి బట్టలకి పెట్టే క్లిప్పులు పెట్టి బిగిస్తాడు. ముందునుంచి చూసేవాళ్ళకి కొలతలిచ్చి కుట్టించుకున్నట్టే ఉంటుంది.

"ఇంకా ఇక్కడే కూకున్నావేటి మియా?"

వరహాలు నల్లగుడ్డ తీశాడు. స్టూడియో యజమాని అబ్దుల్ రజాక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, గోరింటాకు పెట్టిన గడ్డం, తెల్లటి లాల్చీ.

"పదింటికి గదా నిన్ను ఇంటర్వ్యూకి రమ్మన్నారు! తొమ్మిదిన్నరయింది. ఆ మొటిమలు మజ్జానం తీసినా పోతాయి. పారిపోవు."

"ఎల్తానండి. ఈ చెంప ఒక్కటీ అయిపోతే..."

"లే లే. నేనూ రానా?"

"వొద్దండి. కొట్టు మూసీవలిసొస్తాది."

"కోటేసుకెళ్ళు మరి. నీ దరఖాస్తు ఫోటోలో కోటుంది, మనిషికి లేకపోతే బాగోదు."

వరహాలు మేకుకున్న కోటు వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "క్లిప్పులెవులు పెడతారండి అక్కడ?"

రజాక్ సాయిబు గట్టిగా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, దగ్గరికి వచ్చి అతని చొక్కా కాలరు సర్దాడు. "చూడు వరహాలు. వచ్చే నెల నుంచి కలర్ రోల్స్ మద్రాసు పంపిస్తాను. అక్కడ మెషిన్లో కడుగుతారు. నీ పెన్సిలు దాని మీద నడవదు. నీకు తెలుసు. నేను నిన్ను పొమ్మనను. కానీ ఈ గదిలో పని ఉండదు. ఈ ఉద్యోగం వస్తే చీకటి గది పని, నీకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చు. వాళ్ళు అడిగినదానికి ధైర్యంగా చెప్పు. అంతే."

"అలాగేనండి."

"అలాగేనండి కాదు. తలెత్తి చెప్పు."

వరహాలు తలెత్తి చెప్పబోయాడు గాని, అప్పటికే రజాక్ సాయిబుని ముందు గదిలోంచి ఎవరో పిలిచారు.

వరహాలుకి ఆరేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. సబ్బవరం దాటాక వచ్చే పల్లెలో ఆ ఏడు తొమ్మిది మంది పోయారు. అందులో వాళ్ళమ్మ ఒకతె. అతను బతికాడు. కాని బుగ్గలు, నుదురు, ముక్కు కొన అంతా గింజ రాలిపోయిన కంకిలా గుంటలు పడ్డాయి. ఎడమ కనుబొమ్మ సగం ఊడిపోయి మళ్ళీ రాలేదు. ఎడమ కంటి రెప్ప కొంచెం వాలిపోయింది, అందువల్ల ఎప్పుడూ ఏదో అనుమానిస్తున్నట్టు కనిపిస్తాడు. నిజానికి అతను ఎవర్నీ అనుమానించి ఎరగడు.

నాయనమ్మ పెంచింది. ఆవిడ కరణం గారింట్లో దంపుళ్ళు దంచేది, మనవణ్ణి వెంట తీసుకెళ్ళేది. ఆవిడ నేర్పిన చదువు మూడు ముక్కలు. పిలిస్తేనే గాని గుమ్మం తొక్కకు. అడిగిందానికే జవాబు చెప్పు. పెద్దోళ్ళు ఎదురొస్తే పక్కకి జరిగి, మొహాన తువ్వాలు అడ్డం పెట్టుకో, పొద్దున్నే నీ మొహం చూస్తే ఆళ్ళకి పని సాగదంటారు. మనవడి మీద ప్రేమ లేక కాదు. ఎవరైనా వాణ్ణి ఒక మాట అంటే తట్టుకోలేక, ఆ మాట రాకుండా ముందే దారి కాసింది. కరణం గారి అరుగు కింద గంటలు గంటలు నిలబడటం వరహాలుకి అక్షరాలకంటే ముందు వచ్చింది.

పదిహేనేళ్ళప్పుడు స్టూడియోలో చేరాడు. అదే నెలలో శ్రీరామ్మూర్తి కూడా చేరాడు. శ్రీరామ్మూర్తి తండ్రి కోర్టులో గుమాస్తా. ఇంటికి వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళి, దయచేయండి అని, కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇవ్వడం వాడికి అయిదో ఏటనే అలవాటు చేశారు. నొక్కుల జుట్టు, తెల్లటి పళ్ళు. వాడు తీసిన ఫోటోల్లో తలలు తెగిపోయేవి, లేకపోతే కళ్ళు మూసుకుపోయేవి. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు. "అమ్మగారూ, మీ అంత అందాన్ని ఒక్క ప్లేటులో పట్టడం నా వల్ల కాలేదండి, ఇంకోసారి కూర్చోండి" అనేవాడు. వాళ్ళు నవ్వుతూ మళ్ళీ కూర్చునేవారు. వాడి తప్పుల్ని వెనక గదిలో వరహాలు పెన్సిలుతో దిద్దేవాడు. పన్నెండేళ్ళ కిందట శ్రీరామ్మూర్తి డాబా గార్డెన్స్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నాడు. ఇప్పుడు వాడికి స్కూటరుంది, కలర్ కెమెరా ఉంది. దారిలో కనిపిస్తే ఇప్పటికీ బావా అనే పిలుస్తాడు. అందులో కపటం లేదు.

ఉక్కు కర్మాగారం పనులు మొదలయ్యాక ఊళ్ళో కొత్త కంపెనీలు చాలా వచ్చాయి. అందులో ఒకటి హార్బరు రోడ్డులో ఆఫీసు తెరిచింది. వేలమంది పనివాళ్ళకి ఫోటోలతో గుర్తింపు కార్డులు ఇవ్వాలి గనక, చీకటి గదిలో పనిచేసే మనిషి కావాలని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజిని అడిగారు. వరహాలుకి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. అతనికి నలభై ఒకటి. ఆ వయసుకి ఇంకొక కార్డు రాదని అందరికీ తెలుసు. గోపాలపట్నంలో అతనుండేది తోడబుట్టిన, విధవరాలైన అప్ప ఆదిలక్ష్మమ్మ దగ్గర. ఆవిడ ఆ పొద్దున్న కార్డుకి పసుపు రాసి, దేవుడి పటం ముందు పెట్టి, మళ్ళీ తడిగుడ్డతో తుడిచి ఇచ్చింది. మరక పోలేదు.

ఆఫీసు వరండాలో పదకొండు మంది ఉన్నారు. వరహాలు గోడవారగా నిలబడ్డాడు. బెంచీ చివర చోటుంది గాని కూర్చోలేదు. పన్నెండు కావస్తుండగా అర్జునరావు అనే బంట్రోతు బయటికి వచ్చి పేరు పిలిచాడు.

లోపల ఫ్యాను కింద ఇద్దరు అధికారులు. మాట్లాడేది శ్రీనివాసరావు గారు. యాభై ఏళ్ళుంటాయి, మెడలో నల్లతాడుకి కళ్ళజోడు. మంచి మనిషి ముఖం.

"కూర్చోవయ్యా."

"పర్లేదండి."

"ఎన్నేళ్ళుగా పని?"

"ఇరవయ్యారండి."

"ఇరవయ్యారే! కెమికల్స్ కలపడం, ప్రింటింగు, అన్నీ వచ్చా?"

"వొచ్చండి."

శ్రీనివాసరావు గారు పక్కనున్నాయన వైపు చూసి తృప్తిగా తలపంకించారు. దరఖాస్తు తిప్పారు. మూలన అంటించిన ఫోటో మీద ఆయన చూపు ఆగింది. కళ్ళజోడు పెట్టుకున్నారు. ఫోటోనీ, వరహాలునీ, మళ్ళీ ఫోటోనీ చూశారు.

"ఇదెవరిదయ్యా?"

"నాదేనండి."

"నీదా? మీ తమ్ముడిదేమో చూసుకో." పక్కనున్నాయన నవ్వారు. శ్రీనివాసరావు గారు కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. "గుర్తింపు చిహ్నాల దగ్గర, ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు అని రాసుంది. ఇందులో ఒక్కటి చూపించు. ఇది చేసినవాడెవడో గాని గొప్ప పనివాడు. ఎక్కడా గీత కనబడదు. ఇలాంటివాడు దొరికితే నేను కళ్ళకద్దుకుని పెట్టుకుంటాను."

ఆయన ఆ మాట వరహాలుని అడగలేదు. పక్కనున్నాయనతో అన్నారు. వరహాలు గొంతులో "అది నానేనండి" అనే మాట తయారయింది. నాలుక మీదకి కూడా వచ్చింది. ఎవరైనా తన వైపు తిరిగి అడిగితే చెబుదామని నిలబడ్డాడు. తువ్వాలు కొసని వేళ్ళ మధ్య సూదిలా మెలిపెడుతున్నాడు.

"గుర్తింపు కార్డులిచ్చే పనికి వచ్చి, నీ గుర్తింపే కుదరకపోతే ఎలాగయ్యా?" శ్రీనివాసరావు గారు ఇటు తిరిగారు. "పని తెలిసినవాడిలా ఉన్నావు గనక చెబుతున్నాను. అయిదింటి లోపల నీ అసలు ఫోటో తీసుకురా. ఇంకెవరికీ ఇవ్వకు, ఇక్కడ కాగితాలు కలిసిపోతున్నాయి. నీ చేత్తో నా చేతికి ఇవ్వు. రేపు పొద్దున్నే జాబితా వెళ్ళిపోతుంది."

"సిత్తమండి."

బయటికొచ్చాడు. ఉద్యోగం వచ్చినట్టే ఉంది. ఒక్క ఫోటో తేవాలి, అంతే.

ఫోటో అలా ఎందుకయిందో అతనికీ సరిగ్గా తెలియదు. రజాక్ సాయిబే పట్టుబట్టి కోటు తొడిగి, క్లిప్పులు పెట్టి, కెమెరా ముందు కూర్చోబెట్టాడు. వరహాలు కెమెరాకి ఆ వైపు కూర్చోవడం అదే మొదలు. మర్నాడు పొద్దున్న నెగిటివు చట్రం మీద పెట్టుకున్నాడు. కంటికింద నీడ ఒక్కటీ తీసేద్దామనుకుని నల్లగుడ్డ కప్పుకున్నాడు. పెన్సిలు నీడ దగ్గర మొదలై బుగ్గ మీదికి వచ్చింది. బుగ్గ నుంచి ముక్కు కొనకి, అక్కణ్ణుంచి నుదుటికి. గుడ్డ తీసేసరికి మధ్యాహ్నం దాటింది. వాలిన రెప్పని మాత్రం ఏమీ చేయలేకపోయాడు. మూడు ప్రింట్లు వేశాడు. రజాక్ సాయిబు చూసి, "మాషా అల్లా, పెళ్ళికొడుకువయ్యా!" అని, అందులో ఒకటి కత్తిరించి దరఖాస్తుకి అంటించాడు. ఇది చెల్లదేమో అని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఇన్నేళ్ళుగా వాళ్ళ చేతుల మీదుగా పోయిన ఫోటోలన్నీ అలాగే ఉన్నాయి. ఫోటో అంటే అదే అనుకున్నారు.

స్టూడియోకి తిరిగొచ్చి సంగతి చెబితే రజాక్ సాయిబు నుదురు కొట్టుకున్నాడు. "మరి ఆ పని నాదే అని చెప్పావా?"

"అడగనేదండి."

"అడగలేదా! మెచ్చుకుంటుంటే అడగాలా?"

వరహాలు తన గదిలోకి వెళ్ళి, నెగిటివు తీసి, దూదిని టర్పెంటైనులో ముంచాడు. ఒక పూట చేసిన పని. దూది రెండుసార్లు తిప్పేసరికి నల్లగా దానికి అంటుకుని వచ్చేసింది. నెగిటివుని కిటికీకి ఎత్తి చూశాడు. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

చీకటి గదిలో ఎర్రదీపం కింద కాగితాన్ని ట్రేలో వేసి, ఒక మూల పట్టుకుని ఊపాడు. ఎప్పుడైనా ముందు పైకి వచ్చేది నలుపే. కాగితం మీద మొదట గుంటలు వచ్చాయి, కాసేపటికి వాటి చుట్టూ ముఖం వచ్చింది. వరహాలు దాన్ని మామూలు కంటే రెండు నిమిషాలు ఎక్కువ కడిగాడు. రేకు మీద ఆరబెట్టి, అంచులు కత్తిరించి, స్టూడియో పేరున్న కవరులో పెట్టుకున్నాడు.

బయల్దేరుతుంటే రజాక్ సాయిబు సందు చివరిదాకా వచ్చాడు. "నా మాట విను. గుమ్మం దగ్గర ఆగొద్దు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళు. నమస్కారం పెట్టు. చేతిలో పెట్టు. వచ్చేయి. కసమ్ తిను, ఒట్టు వెయ్యి."

"అలాగేనండి."

నాలుగుంబావుకి అతను ఆఫీసు వరండాలో ఉన్నాడు. హార్బరు వైపు నుంచి గాలి వీస్తోంది. ముడిఖనిజం ఎర్రదుమ్ము మెట్ల మీద, బెంచీ మీద, అతని తెల్లచొక్కా భుజాల మీద సన్నగా పరుచుకుంటోంది. కవరు మీద పడకుండా దాన్ని తువ్వాలు మడతలో పెట్టుకున్నాడు.

శ్రీనివాసరావు గారి గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల ఆయన మోచెయ్యి, బల్ల మీద టీ కప్పు కనిపిస్తున్నాయి.

"ఏటి?" అన్నాడు అర్జునరావు, స్టూలు మీద కూర్చునే.

"సారు రమ్మన్నారండి. ఫోటో."

"పనిలో ఉన్నారు. ఉండు, పిలుస్తారు." అర్జునరావు కాసేపు కూర్చుని, ఫైళ్ళ కట్ట ఒకటి చంకన పెట్టుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయాడు. పిలుస్తారు అన్న మాట వరండాలో మిగిలింది.

వరహాలు తలుపు దగ్గరికి రెండడుగులు వేశాడు. గుమ్మం దగ్గర ఆగాడు. సిమెంటు గుమ్మం, రెండంగుళాల ఎత్తు. దాని మీద ముగ్గు కూడా లేదు. కాలు ఎత్తితే చాలు. కాలు ఎత్తాలనే అనుకున్నాడు. లోపల శ్రీనివాసరావు గారు ఫోనులో మాట్లాడుతున్నారు. ఆ మాట అవనీ అనుకున్నాడు. మాట అయింది, ఆయన ఏదో రాయడం మొదలుపెట్టారు. రాయడం అవనీ అనుకున్నాడు.

నాలుగున్నర దాటాక స్కూటరు చప్పుడైంది. శ్రీరామ్మూర్తి. సఫారీ సూటు, భుజాన తోలుసంచి, నల్లకళ్ళద్దాలు తలమీదికి ఎక్కించుకున్నాడు.

"ఓర్నీ, బావా! ఏటిలాగ తలుపు చెక్కలాగ నించుండిపోయావు?"

"సారుకి ఫోటో ఇయ్యాలి బావా."

"ఇచ్చీ మరి! లోపల పులుందా? పద నాతో."

"పిలుత్తారన్నాడు బంట్రోతు."

"పిలుస్తారు, పల్లకీ పంపిస్తారు! ఇలా తే, నేనిచ్చేస్తాను. లోపలికే వెళ్తున్నాను."

వరహాలు చెయ్యి తువ్వాలు మడత మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. "నా సేత్తోనే ఇయ్యమన్నారు బావా. ఇంకెవులికీ ఇవ్వొద్దన్నారు."

"నీ ఇష్టం." శ్రీరామ్మూర్తి తలుపు తోసుకుని, "నమస్కారం సార్! మీ టీ టైముకే వచ్చినట్టున్నాను, నా అదృష్టం!" అంటూ గుమ్మం దాటాడు. అతని బూటు గుమ్మాన్ని తాకను కూడా లేదు. లోపల నవ్వులు వినిపించాయి. తలుపు దానంతట అదే మూసుకుంది.

అయిదుకి అయిదు నిమిషాలుండగా శ్రీరామ్మూర్తి బయటికొచ్చాడు. ఆ కంపెనీ ఉత్సవాలకి ఫోటోలు తీసే పని అతనికి ఖాయమైంది. "ఇంకా ఇక్కడే ఉన్నావా? నీ గురించి ఒక మాట చెబుదామనుకున్నాను బావా, మాటల్లో పడి మర్చేపోయాను. ఎల్లెల్లు, ఒక్కరే ఉన్నారు." భుజం తట్టి మెట్లు దిగిపోయాడు.

ఒక్కరే ఉన్నారు. వరహాలు కవరు బయటికి తీశాడు. చొక్కా దుమ్ము దులుపుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. లోపల ఆ చప్పుడు వినిపించి ఆయనే పిలుస్తారేమోనని మళ్ళీ ఒకసారి సవరించుకున్నాడు. కుడికాలు ఎత్తాడు.

తలుపు తెరుచుకుంది. శ్రీనివాసరావు గారు సంచీ పట్టుకుని, చేతి గడియారం చూసుకుంటూ గబగబా వస్తున్నారు. ఎత్తిన కాలు వెనక్కి పడింది. పెద్దమనిషి ఎదురొచ్చాడు. వరహాలు పక్కకి జరిగి, గోడకి ఒత్తుకుని, తల వంచి, ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. అందులో అతని ఆలోచన ఏమీ లేదు.

శ్రీనివాసరావు గారు ఆగారు. వరండా అంతా ఒకసారి చూశారు. "ఆ ఫోటో మనిషి రాలేదా?" అని పైనుంచి దిగి వస్తున్న అర్జునరావుని అడిగారు. అర్జునరావు, "ఎవరండి?" అన్నాడు. "ముఖం నిండా మచ్చలుంటాయి. పోనీలే." ఆయన గోడవారనున్న తువ్వాలు మనిషిని దాటుకుని మెట్లు దిగారు. జీపు కదిలింది.

వరహాలు తువ్వాలు తీసి, "బాబూ" అన్నాడు. అది అతనికి మాత్రమే వినిపించింది. అర్జునరావు గదికి తాళం వేశాడు.

స్టూడియోలో ముందు గదిలో ఎవరూ లేరు. అయినా వరహాలు వెనక తలుపు నుంచే వచ్చాడు. రజాక్ సాయిబు అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఇచ్చావా?"

"సారు ఎల్లిపోనారండి."

"నువ్వెళ్ళేసరికేనా?"

"కాదండి. నాను అక్కడే ఉన్నానండి. గుమ్మం కాడ."

రజాక్ సాయిబు తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత లేచి, టీ తెప్పిస్తానని ముందు గదిలోకి వెళ్ళాడు. వరహాలు కవరుని సొరుగులో పెట్టాడు. కిటికీలో ఇంకా అరగంట వెలుతురుంది. నల్లగుడ్డ కప్పుకుని, డిగ్రీ అబ్బాయి రెండో చెంప మీద మొటిమలు పూర్తిచేశాడు. కనుబొమ్మ గాటుని ఒక్క వెంట్రుకకీ తగలకుండా చుక్క చుక్కగా నింపాడు.

నెలా నెలన్నర పోయాక ఆ అబ్బాయి మిఠాయి పొట్లంతో వచ్చాడు. పోర్టులో ఉద్యోగం వచ్చిందట. రజాక్ సాయిబు ఒక లడ్డూ వెనక గదిలోకి పంపించాడు. అప్పటికి షోకేసు పైన కలర్ ఫోటోల బోర్డు వేలాడుతోంది. వెనక గదిలో చట్రం మీద వారానికి ఒకటి రెండు నెగిటివులు ఉండేవి. మిగతా వేళల్లో వరహాలు పెన్సిలు చెక్కుకునేవాడు. పావుగంట బదులు గంట చెక్కేవాడు.

జూన్‌లో పచ్చకామెర్లు వచ్చాయి. గోపాలపట్నంలో అప్ప ఆకుపసరు పోసింది, తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ వార్డులో చోటు లేక వరండాలో పడుకోబెట్టారు. డాక్టరుని పిలవరా అని అప్ప అంటే, "ఆళ్ళే వొత్తారు లే అప్పా" అన్నాడట. మూడో రోజు తెల్లవారుజామున ఆవిడ కునుకు తీసి లేచేసరికి పోయి ఉన్నాడు.

పదో రోజుకి పటం కట్టించడానికి ఆదిలక్ష్మమ్మ స్టూడియోకి వచ్చింది. ముందు తలుపు నుంచే వచ్చి, కౌంటరు దగ్గర నిలబడింది. రజాక్ సాయిబు వెనక గదికి వెళ్ళి సొరుగు తీశాడు. మిగిలిపోయిన రెండు నున్నటి ప్రింట్లలో ఒకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, దూరంగా పట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ బాబెవులండీ?"

ఆవిడ దాన్ని కౌంటరు మీద పెట్టేసింది.

"మావోడి ఫోటో ఇప్పించండి బాబూ. మావోడు మీ కాడే గదా పని సేసినాడు."

అతను మళ్ళీ వెనక్కి వెళ్ళి కవరు తెచ్చాడు. మూల మీద ఎర్రటి దుమ్ము వేలిముద్రలా అంటుకుని ఉంది. లోపల ఉన్నది తీయగానే ఆవిడ వేలు తిన్నగా బుగ్గ మీది గుంటల దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి సగం కనుబొమ్మకి, వాలిన రెప్పకి. అప్పుడు మిగతాది చూసింది.

"ఓలమ్మ, కోటేసుకున్నాడే!" అంది. "నాకు సెప్పనేదు." కౌంటరు మీద తల పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

ఆవిడ పటం తీసుకుని వెళ్ళాక, నున్నటి ఫోటోని ఏం చేయాలో రజాక్ సాయిబుకి తోచలేదు. చింపడానికి చేతులు రాలేదు. షోకేసులో మూడో వరసలో ఎండకి వెలిసిపోయిన పెళ్ళి ఫోటో ఒకటి ఉంటే దాన్ని తీసి, ఆ చోట పెట్టాడు. ఉద్యోగాలకి ఫోటో తీయించుకునేవాళ్ళు కొందరు దాన్ని చూపించి, అలా రావాలండి అని అడిగేవారు. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు లేరని చెప్పేవాడు. ఎర్రదుమ్ము పట్టిన అద్దం వెనక, రంగుల ఫోటోల నడుమ, నల్లకోటూ టై వేసుకున్న ఆ నలుపు తెలుపు ఫోటో, ఎడమ రెప్ప కొంచెం వాల్చి, వీధిలో వచ్చేపోయేవాళ్ళ వైపు తలెత్తి చూస్తూ ఉంది.